ముప్పై ఒకటో ఏట మొదలైన ఫార్వర్డ్

2012 వేసవిలో స్పెయిన్‌లోని అథ్లెటిక్ బిల్బావో ఫుట్‌బాల్ క్లబ్బు వాలెన్సియా క్లబ్బు నుంచి ఒక ఫార్వర్డ్‌ను, అంటే ముందు వరుసలో ఆడి గోల్స్ కొట్టే ఆటగాణ్ణి, సుమారు 25 లక్షల యూరోలకు కొన్నది. అతని పేరు అరిత్స్ అదూరిస్, వయసు 31. అదే క్లబ్బుకు అంతకుముందు రెండు విడతలు ఆడి, రెండుసార్లూ బయటికి వెళ్లిపోవలసి వచ్చినవాడు. ఆటగాళ్ల కొనుగోళ్ల లెక్క తెలిసినవాళ్లెవరూ ఈ వార్తను పెద్దగా పట్టించుకోలేదు. ముప్పై దాటిన ఫార్వర్డ్ అంటే ఒకటి రెండేళ్లు బెంచి మీద కూర్చుని, అవసరమైనప్పుడు ఓ ఇరవై నిమిషాలు ఆడి, మర్యాదగా తప్పుకునే మనిషి అని అందరి అంచనా.

ఆ మనిషి తర్వాత ఎనిమిది సీజన్లు ఆడాడు. మూడు విడతలూ కలిపి అథ్లెటిక్‌కు అతను చేసిన గోల్స్ 172. వాటిలో ముప్పావు వంతుకు పైగా ఆ 31వ ఏటి తర్వాత చేసినవే.

అదూరిస్ గురించి ఎవరు రాసినా దీన్ని ఓ అద్భుతంగానే రాస్తారు. వయసును జయించాడంటారు, కాలాన్ని వెనక్కి తిప్పాడంటారు. అభిమానంతో రాసే ఆ మాటలను నేను తప్పుపట్టను గానీ, ఒప్పుకోలేను. అద్భుతం అన్నామంటే ఇక కారణాలు వెతకనక్కరలేదని అర్థం. అతని విషయంలో కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. అవి అతనికంటే ఎక్కువగా ఫుట్‌బాల్ క్లబ్బుల గురించి చెబుతాయి.

అదూరిస్ 1981 ఫిబ్రవరి 11న సాన్ సెబాస్టియన్‌లో పుట్టాడు. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు. అక్కడ అల వెనక్కి తగ్గినప్పుడు లా కోంచా తీరంలోని ఇసుక మీద బడిపిల్లలు ఫుట్‌బాల్ ఆడతారు. ఆ ఊళ్లో ఆంతిగుఓకో అనే చిన్న యువజన క్లబ్బు ఉంది. ఇంచుమించు ఒకే కాలంలో ఆ క్లబ్బులో పెరిగిన పిల్లల పేర్లు చూడండి: షాబి అలోన్సో, మికెల్ అర్తేతా, అందోని ఇరాఓలా, అరిత్స్ అదూరిస్. మొదటి ముగ్గురినీ ఇవాళ కోచ్‌లుగా ప్రపంచమంతా గుర్తుపడుతుంది. అలోన్సో 2005లోనే లివర్‌పూల్‌తో యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ చాంపియన్స్ లీగ్ గెలిచాడు. ఆ ఏడాది అదూరిస్ వయాదోలిద్ క్లబ్బులో ఉన్నాడు. దానికి ముందు బుర్గోస్‌లో, మూడో అంచె పోటీల్లో. అథ్లెటిక్ అతన్ని 2002లో మొదటి జట్టులోకి తీసుకుని, కొన్నాళ్లు ఆడించి, పనికిరాడనుకుని వదిలేసింది.

2006 జనవరిలో మళ్లీ పిలిచింది. రెండున్నరేళ్లు ఆడాడు. గోల్స్ చేశాడు కానీ కుప్పలుతెప్పలుగా కాదు. 2008 ఆగస్టులో మయోర్కా క్లబ్బుకు అమ్మేసింది. అప్పటికి ఫెర్నాందో యొరెంతె అనే 23 ఏళ్ల పొడుగాటి కుర్రాడు జట్టులో నిలదొక్కుకుంటున్నాడు. అదూరిస్‌కు 27. ఇద్దరిలో ఒకరికే చోటు, పైగా క్లబ్బుకు డబ్బు అవసరం. కాగితం మీద చూస్తే ఆ నిర్ణయంలో తప్పు దొరకదు. చిన్నవాణ్ణి ఉంచుకుని పెద్దవాణ్ణి అమ్మడమే ఏ క్లబ్బయినా చేసే పని.

నాలుగేళ్ల తర్వాత ఏమైందో చూద్దాం. 2012లో యొరెంతె ఒప్పందం పొడిగించుకోనన్నాడు, క్లబ్బు అమ్మనంది. ఆ సీజనంతా ఎక్కువగా బెంచి మీదే గడిపి, 2013లో పైసా రుసుము లేకుండా ఇటలీ క్లబ్బు యువెంతుస్‌కు వెళ్లిపోయాడు. అతని స్థానంలో ఆడి లీగ్‌లో 14 గోల్స్ చేసింది, అతని కోసం నాలుగేళ్ల కిందట అమ్మేసిన అదూరిసే.

ఇక్కడ అథ్లెటిక్ పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. అది లేకుండా ఈ కథ అర్థం కాదు. బాస్క్ నేలలో పుట్టినవాళ్లను, లేదా అక్కడి క్లబ్బుల్లో ఆట నేర్చుకున్నవాళ్లను మాత్రమే ఆ క్లబ్బు ఆడిస్తుంది. స్పెయిన్ ఉత్తరాన ఉన్న నాలుగు ప్రాంతాలూ, సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని బాస్క్ ఊళ్లూ ఇందులోకి వస్తాయి. మొత్తం జనాభా మన పెద్ద నగరమొక్కదానికి సరిపోదు. ఇలాంటి నియమంతో ఉండి కూడా రియల్ మాడ్రిడ్, బార్సెలోనాల మాదిరిగా ఒక్కసారీ మొదటి అంచె నుంచి కింద పడని క్లబ్బు అది. ఈ నియమాన్ని సంకుచితమనేవాళ్లున్నారు. ఆ చర్చ పెద్దది, ఇక్కడ అందులోకి దిగను. నాకు కావలసింది దాని ఫలితం ఒక్కటే. 2012 ఆగస్టులో జర్మనీ క్లబ్బు బయర్న్ మ్యూనిక్ 4 కోట్ల యూరోలు కట్టి అథ్లెటిక్ ఆటగాడు హావి మార్తీనెస్‌ను తీసుకుపోయింది. ఆ సొమ్ముతో వేరే ఏ క్లబ్బయినా బ్రెజిల్ నుంచో ఫ్రాన్స్ నుంచో ఇరవై ఒక్కేళ్ల ఫార్వర్డ్‌ను తెచ్చుకుని, మరో ఇద్దరిని వెనక సిద్ధంగా ఉంచుకునేది. అథ్లెటిక్‌కు బ్యాంకులో డబ్బుంది, కొనడానికి మనిషి లేడు. ఉన్నవాళ్లతోనే ఆడాలి.

అందువల్లే 31 ఏళ్ల అదూరిస్‌కు వారం వారం, మొత్తం తొంభై నిమిషాలూ ఆట దొరికింది. రెండు మ్యాచుల్లో గోల్ రాకపోతే మూడోదానికి పక్కన పెట్టే పరిస్థితి క్లబ్బుకు లేదు. అతనికి దొరికిన గొప్ప అవకాశం నమ్మకం కంటే ముందు ప్రత్యామ్నాయం లేకపోవడం. ఇది వినడానికి చిన్నచూపులా ఉంటుందేమో. కానీ ఆటగాళ్ల జీవితాలు చాలావరకు ఇలాగే తేలతాయని నా అభిప్రాయం.

ఇక గోల్స్. 2013-14లో లీగ్‌లో 16, 2014-15లో 18, 2015-16లో 20. అంటే 32, 33, 34 ఏళ్ల వయసులో మొదలుపెట్టిన సీజన్లలో ఏటేటా పెరిగాయి. ఈ మూడింటిలో చివరి రెండు సీజన్లలో లీగ్‌లో ఎక్కువ గోల్స్ చేసిన స్పెయిన్ ఆటగాడిగా సర్రా బహుమతి అతనికే వచ్చింది. ఆ బహుమతికి ఎవరి పేరు పెట్టారో ఆ తెల్మో సర్రా కూడా అథ్లెటిక్ ఫార్వర్డే. లీగ్‌లో అతని 251 గోల్స్ రికార్డును 2014లో మెస్సీ వచ్చేదాకా ఎవరూ దాటలేదు. 2015-16లో అన్ని పోటీలూ కలిపి అదూరిస్ 36 గోల్స్ చేశాడు. ఆ ఏడాది యూరప్ దేశాల క్లబ్బులు ఆడే యూరోపా లీగ్‌లో 10 గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచాడు.

ఈ అంకెలు ఎలా వచ్చాయన్నది అంకెల్లో కనిపించదు. అతని ఎత్తు ఆరడుగులకు కాస్త తక్కువ, 1.82 మీటర్లు. గోల్ ముందు కాపు కాసే పెద్ద పెద్ద సెంటర్ బ్యాక్‌ల మధ్య అది చెప్పుకోదగ్గ ఎత్తేమీ కాదు. అయినా ఆ కాలంలో స్పెయిన్‌లో తలతో గోల్స్ కొట్టడంలో అతన్ని మించినవాడు లేడని నేనంటాను. అతని హెడర్లను ఒకటికి నాలుగుసార్లు ఆపి ఆపి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. బంతి మైదానం పక్క అంచున ఉన్నప్పుడు అతను డిఫెండర్ వెనక భుజం దగ్గర, అతని చూపుకు అందని చోట నిలబడతాడు. డిఫెండర్ ఒకేసారి బంతినీ, అదూరిస్‌నూ చూడలేడు. ఎటు తల తిప్పినా రెండోది మాయమవుతుంది. క్రాస్, అంటే పక్క నుంచి గోల్ ముందుకు ఎత్తి వేసే బంతి, పాదం వదిలే క్షణంలో అదూరిస్ ఒక అడుగు వెనక్కి వేస్తాడు. అందరూ గోల్ వైపు పరుగెత్తే సమయంలో అతను వెనక్కి వెళ్లడం వల్ల రెండు గజాల ఖాళీ దొరుకుతుంది. తర్వాత అందరికంటే అరక్షణం ముందు ఎగురుతాడు. ముందే ఎగిరినవాడికి గాలిలో చోటు దక్కుతుంది. ఆలస్యంగా లేచిన డిఫెండర్ అతని వీపునే తాకుతాడు.

ఇందులో ఇరవై రెండేళ్ల కుర్రాడి కాళ్లు కావలసినదెంత? క్రాస్ వేసేవాడి నడక చూసి బంతి ఎప్పుడొస్తుందో పసిగట్టడం, వందలమంది డిఫెండర్ల అలవాట్లు మనసులో పెట్టుకోవడం, తొందరపడకుండా ఆగడం, ఇవన్నీ ఏళ్లు గడిస్తేనే వచ్చేవి. పెరట్లో మామిడిచెట్టు నాటి మూడో ఏడే కాయలేదని కొట్టేసినవాడికి దాని కాపు ఎంతో ఎన్నటికీ తెలియదు. బుర్గోస్, వయాదోలిద్, మయోర్కా, వాలెన్సియా తిరిగిన ఏళ్లు వృథా అని రాసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. తర్వాత అథ్లెటిక్ సొంత మైదానం సాన్ మామేస్‌లో కనిపించిన విద్యంతా అక్కడ నేర్చుకున్నదే కదా.

2015 ఆగస్టు 14 రాత్రి, స్పెయిన్ సూపర్ కప్ కోసం ఆడే రెండు మ్యాచుల్లో మొదటిది సాన్ మామేస్‌లో జరిగింది. ఎదురుగా ఆ ఏడాది మూడు కప్పులూ గెలిచిన బార్సెలోనా. బార్సెలోనావాళ్లు మూడు రోజుల ముందే జార్జియాలోని తిబిలిసీలో సెవియా జట్టుతో అదనపు సమయందాకా ఆడి వచ్చారు, కొందరు ముఖ్యులకు విశ్రాంతి ఇచ్చారు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. 13వ నిమిషంలో అథ్లెటిక్ ఆటగాడు సాన్ హోసె దాదాపు మైదానం మధ్య నుంచి గోల్ కొట్టాడు. ఆ తర్వాత రెండో సగం అదూరిస్‌దే. 53వ నిమిషంలో సబీన్ మెరీనో క్రాస్‌కు తల ఆనించాడు, 62లో మరొకటి, 68లో పెనాల్టీ. పదిహేను నిమిషాల్లో మూడు గోల్స్, స్కోరు 4-0. బార్సెలోనా మైదానం కాంప్ నోవ్‌లో జరిగిన రెండో మ్యాచ్ 1-1గా ముగిసింది, అథ్లెటిక్ గోల్ మళ్లీ అతనిదే. ఆ క్లబ్బు 1984 తర్వాత గెలిచిన మొదటి కప్పు అది. రెండు మ్యాచుల ఐదు గోల్స్‌లో నాలుగు కొట్టినవాడికి 34 ఏళ్లు.

మరుసటి ఏడాది నవంబరు 3న బెల్జియం జట్టు గెంక్ మీద అథ్లెటిక్ 5-3తో గెలిచింది. ఐదూ అదూరిస్‌వే, అందులో మూడు పెనాల్టీలు. యూరోపా లీగ్ మ్యాచ్‌లో ఐదు గోల్స్ చేసిన మొదటి ఆటగాడు అతనే. పెనాల్టీలే కదా అని కొందరు తీసిపారేస్తారు. ఒకే రాత్రి ఒకే గోల్‌కీపర్ ఎదుట మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఏమార్చడం తేలికని నేననుకోను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన గోల్ మాత్రం 2016 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో కొట్టినది. వెనక నుంచి ఎత్తుగా వచ్చిన బంతిని ఛాతీతో ఆపి, నేల తాకనివ్వకుండా, గోల్ ముందరి పెనాల్టీ పెట్టెకు చాలా వెలుపలి నుంచే వాలీ కొట్టాడు. గోల్‌కీపర్ మాందాందా తల మీదుగా వెళ్లి వల్లో పడింది. 1-0తో గెలిచారు. అంత దూరం నుంచి కొట్టాలన్న ఆలోచన రావడమే ధైర్యం.

ఇక ఎదురువాదన. అదూరిస్ ఒక్కడు, మినహాయింపును నియమం చేయకూడదు అంటారు. సరే, మరికొందరిని చూద్దాం. ఇటలీలో ఆంతోనియో ది నతాలె 32 ఏళ్లు దాటాక వరుసగా రెండు సీజన్లు లీగ్‌లో అత్యధిక గోల్స్ చేశాడు, ఉదినేసే తరఫున. లూకా తోనీ 2014-15లో 38వ ఏట 22 గోల్స్‌తో ఆ జాబితాలో పైన నిలిచాడు, వెరోనా తరఫున. ఇంగ్లండ్‌లో జేమీ వార్డీ 33 ఏళ్లకు, లీగ్‌లో ఎక్కువ గోల్స్ చేసినవాడికిచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు, లెస్టర్ తరఫున. ఈ క్లబ్బుల పేర్లు ఒకసారి మళ్లీ చదవండి. ఒక్కటీ ఏటా కొత్త ఫార్వర్డ్‌ను కొనగలిగే క్లబ్బు కాదు. ముప్పై దాటినవాడు వాళ్లకు తప్పనిసరి. తప్పనిసరి కాబట్టి ఆడించారు, ఆడించారు కాబట్టి గోల్స్ వచ్చాయి.

రియల్ మాడ్రిడ్‌లో కరీం బెంజెమా 34 ఏళ్లకు, ప్రపంచంలో ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ గెలవలేదా అని అడగవచ్చు. గెలిచాడు. కానీ 2009 నుంచి అక్కడ ఉన్న మనిషి, గోల్స్ బాధ్యత తన భుజాల మీదికి వచ్చేందుకు 2018లో రొనాల్దో వెళ్లిపోయేదాకా ఆగవలసి వచ్చింది. అక్కడా దారి తెరిచింది ఖాళీయే.

పెద్ద క్లబ్బుల లెక్కలో ఆటగాడు ఆస్తి. ఇరవై రెండేళ్లవాణ్ణి కొంటే రేపు ఎక్కువకు అమ్ముకోవచ్చు, ముప్పై ఒకటేళ్లవాణ్ణి కొంటే తిరిగి అమ్మలేరు. వ్యాపారంగా అది సరైన లెక్కే. తప్పెక్కడంటే, అమ్మకపు విలువ తగ్గడాన్ని ఆట తగ్గడంగా చెప్పుకోవడంలో. ఈ రెండూ వేర్వేరు. మైదానం అంచున పరుగెత్తే వింగర్‌కు పరుగు తగ్గితే ఆట తగ్గుతుంది, నిజమే. పెట్టెలో నిలబడి ఆడే ఫార్వర్డ్‌కు అదే కొలత పెట్టడం అన్యాయం.

జాతీయ జట్టు కూడా ఇదే తప్పు చేసింది. అప్పటి స్పెయిన్ కోచ్ దెల్ బోస్కె అతన్ని 2010 అక్టోబరులో లిథువేనియా మీద మొదటిసారి ఆడించాడు. దావిద్ వియ్యా, ఫెర్నాందో తోరెస్ వంటి ఫార్వర్డ్‌లు ఉన్న కాలం, చోటు దొరకకపోవడం సహజం. కానీ 2014 నాటికి వాళ్లిద్దరి మంచి రోజులూ వెనకబడ్డాయి. స్పెయిన్ ఆ ప్రపంచకప్‌లో మొదటి దశలోనే ఇంటికి వచ్చింది. లీగ్‌లో అప్పుడే 16 గోల్స్ చేసిన అదూరిస్‌ను తీసుకుపోలేదు. మళ్లీ పిలుపు వచ్చింది 2016 మార్చిలో. ఉదినేలో ఇటలీ మీద గోల్ చేశాడు. ఆ వేసవి యూరో కప్ జట్టులో ఉన్నాడు, బెంచి నుంచి వచ్చి ఆడాడు. నవంబరులో గ్రనాదాలో మాసిడోనియా మీద మరో గోల్ కొట్టి, 35 ఏళ్ల 275 రోజుల వయసులో స్పెయిన్ తరఫున గోల్ చేసిన అతి పెద్ద వయస్కుడయ్యాడు. 1930 నుంచి ఉన్న రికార్డది. మొత్తం 13 మ్యాచులు, 2 గోల్స్. ఈ 13 అనే అంకె చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మొదటి మ్యాచ్‌కూ రెండోదానికీ నడుమ ఐదున్నరేళ్లు! అతని అత్యుత్తమ సీజన్లు రెండు ఆ ఖాళీలోనే పోయాయి.

చాలామందికి అదూరిస్ అంటే ఒక్క గోలే గుర్తు. 2019 ఆగస్టు 16, లీగ్ తొలి మ్యాచ్, మళ్లీ బార్సెలోనా. ఆ రోజుల్లో మన దేశంలో స్పెయిన్ లీగ్ ఫేస్‌బుక్‌లో ఉచితంగా వచ్చేది. అర్ధరాత్రి దాటాక ఫోనులో చూశాను. 0-0తో ముగిసేలా ఉంది. 88వ నిమిషంలో 38 ఏళ్ల అదూరిస్ మైదానంలోకి వచ్చాడు. అదే చివరి సీజన్ అని అప్పటికే ప్రకటించి ఉన్నాడు. కుడివైపు నుంచి సహచరుడు కాపా క్రాస్ వేశాడు. బంతి అతను కోరుకున్న చోటుకు కాక కాస్త వెనక్కి వచ్చింది. అదూరిస్ గాలిలో అడ్డంగా తిరిగి, వీపు నేలకు పెట్టి, కాలు తల పైకి లేపి కొట్టాడు. బార్సెలోనా గోల్‌కీపర్ టెర్ స్టెగెన్‌కు అందలేదు. 1-0.

అందమైన గోల్, సందేహం లేదు. కానీ అతని జీవితమంతా ఆ ఒక్క దృశ్యానికి కుదించడం నాకు ఇష్టం లేదు. అది చూసినవాళ్లు అదూరిస్‌ను విన్యాసాల మనిషి అనుకుంటారు. అతను ఎనిమిదేళ్లు చేసింది దానికి పూర్తిగా భిన్నమైన పని: గురువారం యూరప్‌లో ఆడి, ఆదివారం చిన్న జట్టు మీద చలిలో, వర్షంలో దెబ్బలు తింటూ ఒక హెడర్ కోసం ఎనభై నిమిషాలు కాచుకోవడం. ఆ సీజన్‌లో అతను చేసింది ఆ ఒక్క గోలే. గణాంకాల్లో అది అతని అత్యంత బీద సంవత్సరం.

శరీరం దేనినీ ఉచితంగా ఇవ్వలేదు. వయసు అడ్డు కాదని చెప్పే వ్యాసాలు ఇక్కడికి వచ్చేసరికి మాట దాటేస్తాయి, అది నిజాయితీ కాదు. 2020 మే 20న అదూరిస్ ఒక చిన్న సందేశం పెట్టాడు. వీలైనంత త్వరగా కృత్రిమ తుంటి అమర్చుకోవాలని, లేకపోతే మామూలు జీవితం కూడా కష్టమని వైద్యులు చెప్పారట. నువ్వు ఫుట్‌బాల్‌ను వదలకముందే ఫుట్‌బాల్ నిన్ను వదిలేస్తుందని తాను తరచూ అనేవాణ్ణని గుర్తు చేసుకున్నాడు. 39 ఏళ్ల మనిషికి తుంటి మార్పిడి! ఆ ఎగిరిన ఎగురుళ్లన్నీ ఎక్కడో ఒకచోట దిగాలి కదా, దిగింది ఆ కీలు మీద. నేను ఇంతసేపు చెప్పిన వాదనలో ఈ సంగతినీ చేర్చి చదవాలి. ముప్పై దాటినవాడు ఆడగలడు, గోల్స్ పెరుగుతాయి కూడా. అయితే అతను చెల్లించే మూల్యం చిన్నవాడు చెల్లించేదాని కంటే ఎక్కువ. అతన్ని తక్కువ ధరకు కొని ఎక్కువ ఆడించుకునే క్లబ్బులు ఆ మాట మరిచిపోకూడదు.

సందేశం వచ్చిన సమయం మరీ క్రూరమైనది. అథ్లెటిక్ ఆ మార్చిలోనే స్పెయిన్ క్లబ్బులన్నీ పోటీపడే కింగ్స్ కప్ ఫైనల్ చేరింది. ప్రత్యర్థి రియల్ సొసియెదాద్, అంటే అదూరిస్ పుట్టిన ఊరి జట్టు. రెండు బాస్క్ జట్లు ఆ ఫైనల్‌లో తలపడటం 1927 తర్వాత అదే మొదటిసారి. ఏప్రిల్‌లో జరగవలసింది, కోవిడ్ వచ్చింది. అభిమానులు లేకుండా ఆడబోమని రెండు క్లబ్బులూ కలిసి వాయిదా కోరాయి. ఆ నిర్ణయం మంచి మనసుతో తీసుకున్నదే. తీరా 2021 ఏప్రిల్ 3న సెవియాలో ఖాళీ స్టాండ్ల మధ్యే ఆడారు. సొసియెదాద్ ఒక పెనాల్టీతో గెలిచింది. రెండు వారాల తర్వాత ఆ ఏడాది ఫైనల్‌లో బార్సెలోనా చేతిలో 4-0. వరుసగా రెండు ఫైనల్స్, అథ్లెటిక్‌కు ఒక్క గోలూ లేదు. నలభై దాటిన అదూరిస్ ఉంటే గెలిచేవాళ్లని అనను. అతని స్థానంలో నిలబడగలిగినవాడు అప్పటికి వాళ్లకు దొరకలేదన్నది మాత్రం ఆ రెండు రాత్రులూ స్పష్టంగా కనిపించింది.

దొరకలేదా, చేతిలో ఉన్నవాణ్ణి వదులుకున్నారా? సాన్ సెబాస్టియన్‌లోనే పుట్టి, అదే ఆంతిగుఓకోలో ఆడి, లెసామాలోని అథ్లెటిక్ శిక్షణ కేంద్రానికి వచ్చిన గోర్కా గురుసేతాను 2020లోనే, అదూరిస్ విరమించిన వేసవిలోనే, క్లబ్బు వదిలేసింది. అతను సబాదెల్‌కు, తర్వాత అమోరెబియేతాకు వెళ్లి కింది అంచెల్లో గోల్స్ చేసుకున్నాడు. అయితే ఈసారి అథ్లెటిక్ పదేళ్లు ఆగలేదు. 2022లో, అతనికి ఇంకా ఇరవై ఐదేళ్లుండగానే వెనక్కి పిలిచింది. 2023-24లో లీగ్‌లో 14 గోల్స్ చేశాడు. ఆ ఏప్రిల్‌లో మయోర్కాను పెనాల్టీల్లో ఓడించి, నలభై ఏళ్ల తర్వాత కింగ్స్ కప్ గెలిచిన జట్టులో ముందు వరుసలో మొదటి నిమిషం నుంచి ఆడింది అతనే.